పిలవని ఏజెంటు

పాలు పొంగించిన పొయ్యి ఇంకా చల్లారలేదు, పిలవని పేరంటానికి ఒక ముసలాయన దిగాడు.

పెడనలో డ్రెయిను కాలవ పక్కన అచ్యుతరావు కొత్తగా కట్టిన డాబా అది. కింద కలంకారీ అద్దకం బల్లలు, బట్టల థాన్లు. పైన కాపురం. ఆ రోజే గృహప్రవేశం.

వచ్చినాయన పేరు అమానుల్లా అట. చెప్పులు బయట విడిచి, గుమ్మం దాటకుండా కింది గదిలోకే చూస్తున్నాడు.

"ఇంటికి ఇన్సూరెన్స్ చేయించారాండీ?"

అచ్యుతరావుకి ఒళ్లు మండిపోయింది. శుభమా అని ఇంట్లో అడుగుపెడుతుంటే ఇన్సూరెన్స్ అట. కమీషన్ కోసం పెళ్లనక, పేరంటమనక ఎగబడే బాపతు.

"మా బావమరిది ఫోన్లోనే చేసేశాడు. నీ దగ్గర తీసుకునేది లేదు, వెళ్లు."

"నా దగ్గర వద్దండి. కింద అద్దకం పని ఉందని రాయించారా?"

"రాయిస్తే ప్రీమియం పెరగదూ? ఇల్లని రాయించాం. ఇది ఇల్లు కాదా, సత్రమా?"

"ఇంటి పాలసీలో గోడలు, మంచాలు, బీరువాలు వస్తాయండి. అమ్మే సరుకు రాదు. దానికి వేరే తీసుకోవాలి. నీళ్లొస్తే ముందు మునిగేది కిందే కదండీ."

"నీళ్లొస్తాయా? నీ నోట మంచి మాటే రాదా?"

ముసలాయన ఏదో చెప్పబోయి, గుమ్మానికి కట్టిన మావిడాకుల వంక చూసి ఆగిపోయాడు.

"తప్పయితే మన్నించండి. బందరు ఇనగుదురుపేటలో ఉంటాను. అనుమానముంటే కబురు చెయ్యండి."

ప్రసన్నలక్ష్మి లడ్డూ పెట్టబోతే, "ఏజెంట్లకి కూడా మర్యాదలెందుకే" అని మొగుడు కసిరాడు. ఆయన వట్టి చేతుల్తో గుమ్మం మెట్లు దిగిపోయాడు.

చుట్టాలకి ఆ పూట మంచి కాలక్షేపం దొరికింది. ముసలాయన నిలబడ్డ తీరు, నసిగిన తీరు అచ్యుతరావు చేసి చూపిస్తుంటే అందరూ పడీపడీ నవ్వారు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. డ్రెయిను పొంగి కింది గది నిండింది. ఏడాదంతా అద్దిన దుప్పట్లు బురదలో నాని ముద్దయ్యాయి. చెక్క అచ్చులు తేలుతూ డ్రెయిన్లోకి పోయాయి.

ఇన్సూరెన్స్ సర్వేకి వచ్చినతను గోడల పగుళ్లన్నీ రాసుకున్నాడు. థాన్ల కుప్ప దగ్గరికొచ్చేసరికి పెన్ను జేబులో పెట్టేశాడు.

"ఇది వ్యాపారం సరుకండి. మీ పాలసీలో రాదు."

మళ్లీ బల్ల మీద పరచడానికి అచ్యుతరావుకి గుడ్డ ముక్క లేదు. పనివాళ్లు వేరే షెడ్లు చూసుకున్నారు. ఇల్లుంది, ఇల్లు గడిచే దారి లేదు.

అయినా బావమరిదిని పల్లెత్తు మాట అనలేదాయన. కోపమంతా ముసలాడి మీదికి మళ్లింది.

"వాడి పాడు నోరే తగిలింది మనకి. కడిగేసి వస్తానుండు" అని పెళ్లానికి చెప్పి బందరు బస్సెక్కాడు.

ఇనగుదురుపేటలో చిన్న అద్దె వాటా. అమానుల్లా కోడలు సబీహా తలుపు తీసింది.

"ఏడమ్మా ఆ ఇన్సూరెన్స్ ఏజెంటు?"

"మావయ్యగారు ఏజెంటు కాదండి. చిలకలపూడిలో ఎవరో అద్దకం వాళ్లు కొత్తిల్లు కట్టుకున్నారంటే, జాగ్రత్త చెప్పొస్తానని వెళ్లారు. మీరెవరండీ?"

"ఓహో, ఊరూరా తిరిగి కొత్తిళ్లకి అపశకునాలు పలకడమే పనా? పెడనలో డ్రెయిను పక్క డాబా నాది. నా గుమ్మంలో నిలబడి మరీ పలికాడు. అన్నట్టే సరుకంతా మునిగింది, ఇన్సూరెన్స్‌లో పైసా రాలేదు."

సబీహా కుర్చీ తెచ్చి వేసింది.

"ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదండి, అసలు సంగతి చెప్పలేకపోయానని" అంది మెల్లగా. "మీరు బ్రోకరు దగ్గర కొన్న ఆ స్థలంలోనే మా ఇల్లూ, అద్దకం షెడ్డూ ఉండేవి. మా సరుకూ ఇలాగే మునిగి, పాలసీలో రాక, స్థలం ఆ బ్రోకరుకే అమ్ముకుని వచ్చేశాం. గృహప్రవేశం జరుగుతున్న ఇంట్లో, ఇక్కడే మా ఇల్లు మునిగిందన్న మాట అనకూడదని నోరు నొక్కుకున్నారండి."