అన్నయ్య ఆట

"ఈ గుండెకేం ఢోకా లేదండీ. టైప్ వన్ షుగరుతో డెబ్బై దాటినవాళ్లలో ఇలాంటిది అరుదు," అన్నాడు గుండె డాక్టరు, ఎకో తీసి చూసి.

తొమ్మిదో ఏట నాకు మొదటి ఇన్సులిన్ సూది పొడిచిన డాక్టరు, నేను నలభై దాటనని, ముందు చెడేది గుండేనని నాన్నతో చెప్పాడు. ఆ డాక్టరు పోయి చాలా కాలమైంది. నేనున్నాను.

తోడొచ్చిన అన్నయ్య డాక్టరును ఇంకేదో అడగాలని వెనకే ఉండిపోయాడు. ముసలాడికి చాదస్తం.

ఇంటికి రాగానే రోజూలాగే చదరంగానికి కూర్చున్నాం. చదువులో, ఉద్యోగంలో, ఆరోగ్యంలో నన్ను మించిన అన్నయ్యను నేను ఓడించేది ఇక్కడే. చిన్నప్పటి నుంచీ ఒక్క ఆటా ఓడలేదు. చదరంగం మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. బుర్ర లేనివాడికి గుర్రమెందుకని, ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ అన్నయ్యను దెప్పుతుంటాను.

టీ చల్లారకముందే నా రాజుకు కదలడానికి గడి లేకుండా పోయింది.

"ఇదెప్పుడు నేర్చుకున్నావు?" అన్నాను.

"చిన్నప్పుడే," అన్నాడు అన్నయ్య. "నాలుగు రోజులుండి పోయేవాడివి, గెలవనీలే అనుకున్నాను."

"నలభై దాటి ముప్పై ఏళ్లయింది కదా."

"గుండె సంగతి తెలియదు కదరా. ఇవాళ డాక్టర్ని అడిగాను. ఓడినా తట్టుకుంటుందన్నాడు."

నలభైకే పోయుంటే ఓటమి ఎరగనివాడిగా పోయేవాణ్ణి. ఇకముందు కూడా పాత పద్ధతిలోనే గెలిపించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. పావులు మళ్లీ పేర్చమన్నాను.