రెండో రివ్యూయర్

“అందరికీ థ్యాంక్స్ చెప్పిండ్రు సార్, చాయ్ తెచ్చే మౌలాలికి గూడ. రెండో రివ్యూయర్‌నే మరిచిండ్రు!”

రియాజ్ చేతిలో ఉన్నది ఖమరుద్దీన్ రాసిన వీడ్కోలు సంపాదకీయం. ఎడారి సేద్యం మీద మస్కట్ నుంచి వచ్చే జర్నల్‌కు పదకొండేళ్లు ఎడిటర్‌గా ఉండి, 2008 మార్చిలో ఆ బుధవారంతో ఆయన దిగిపోతున్నాడు. ఇన్నాళ్లూ ఆయన కింద పనిచేసిన రియాజ్‌కే ఇక ఆ కుర్చీ.

“మరిచిపోలేదప్పా. ఆయనకు పొగడ్తలు గిట్టవు,” అన్నాడు ఖమరుద్దీన్, అద్దాలు తీసి కళ్లు నులుముకుంటూ. కుడికంట్లో శుక్లం ముదిరింది. ఇక అచ్చుకాగితం ముట్టనని భార్య రషీదున్నీసాకు మాటిచ్చాడు కూడా.

ఆ సంపాదకీయం నిండా అలసటే. వ్యాసం అచ్చుకెక్కాలంటే ఆ విషయం తెలిసిన రివ్యూయర్లు ఇద్దరు చదివి సరేననాలి. చదవమని అడిగితే ఒకరు ఊళ్లో లేనంటారు, ఇంకొకరు ఆర్నెల్లు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారు. రాసినవాళ్లేమో వారానికోసారి ఫోన్ చేసి ప్రాణం తోడేస్తారు. అందులో ఊసెత్తని రెండో రివ్యూయర్ ఒక్కడి దగ్గరే ఆ బాధ లేదు. గంట దూరంలోని సమాయిల్ ఊరి పోస్టాఫీసులో నలభై ఏడో పెట్టెకు కవరు పంపితే చాలు, పది రోజుల్లో కామాలతో సహా దిద్ది తిరిగొచ్చేది.

“ఇగ నేనే ఎడిటర్‌ను గద. ఇప్పుడన్న ఆయన పేరు చెప్పుండ్రి.”

“పేరు అడగనంటేనే చదువుతానన్నాడు. మాటిచ్చినా.”

“మనిషి మాత్రం గట్టోడు సార్. మీరు రాసిన పేపర్‌ను మీ పేరు తీసేసి పంపితే, దాన్ని గూడ వద్దని తిప్పి పంపిండు!”

“‘ఇందులో కొత్త ముక్క ఒక్కటీ లేదు’ అని రాసినాడు. నిజమే గదా.” ఖమరుద్దీన్ నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “ఆయన్ని గూడా ఇంగ వదిలేయప్పా. ముసలోడైనాడు. చాలనుకుంటాండాడు.”

రియాజ్ మొహం వాడిపోయింది.

“ఆయన లేకుంటే ఒక్క సంచిక గూడ బయటికి రాదు సార్. జర్నల్ మూతవడ్తది. ఆదివారమే ఫర్జానా పేపర్ ఆ పెట్టెకు పంపిన. ఆ పిల్లకు అదే మొదటిది. ఇది అచ్చయితేనే ఉద్యోగం నిలుస్తదట. ఒక్క ఏడాది ఉండమని మీరే చెప్పుండ్రి.”

ఖమరుద్దీన్ అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఒళ్లు కాదు, మనసే అలసిపోయింది ఆయనకు. పదకొండేళ్లు మోసిన బరువు ఈ రోజుతో దిగుతుందని రోజులు లెక్కపెట్టుకున్నాడు. చివరికి తాళాల గుత్తి తీశాడు.

“ఇది బీరువాది. ఇది సొరుగుది. ఇది ముందు తలుపుది.” ఒక చిన్న తాళంచెవిని మాత్రం గుత్తిలోంచి విడదీసి జేబులో వేసుకున్నాడు.

“అదేంది సార్?”

“నా సొంతానిదిలే.” గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అన్నాడు, “ఆయనకు చెప్పి చూస్తాలే.”

మర్నాడు గురువారం, అక్కడ వారాంతపు సెలవు. మస్కట్‌లోనే రూవి పేటలోని ఇంట్లో ఆయన చెప్పులు తొడుక్కోవడం చూసి రషీదున్నీసా అడ్డం నిలబడింది.

“ఇంట్లో రెండు డబ్బాల ఖర్జూరముంటే మళ్లా సమాయిల్‌కా? ప్రతి గురువారం ఇదే గోల. ఒక పక్క కండ్లు కనబడవు!”

“టాక్సీలో పోతా. ఇదే ఆఖరు.”

“పోయినవారమూ అదే అంటిరి.”

ఆయన పక్కనుంచి తప్పుకుని బయటపడ్డాడు. గంట సేపటికి సమాయిల్‌లో టాక్సీ దిగి, ఖర్జూరం అంగళ్లు దాటి, ఊపిరి తీసుకుంటూ, సెలవురోజైనా తెరిచే ఉండే పోస్టాఫీసు వరండా మెట్లెక్కాడు.

చిన్న తాళంచెవితో నలభై ఏడో పెట్టె తెరిచాడు.