గొడవ వచ్చింది

“సార్, గేటు దగ్గర ఎవరో ముసలావిడ. బురఖాలో ఉంది. మీతోనే మాట్లాడాలంట,” అన్నాడు వాచ్‌మన్.

డైరెక్టరు కొరికిన బిస్కెట్టు సాసర్లో పడేసి లేచాడు.

“కోపంగా ఉందా?”

“ఎండలో నుంచుంది కదా సార్. నవ్వుతూ అయితే లేదు.”

డైరెక్టరు మొహం చాటంత అయింది.

ఆయన తీస్తున్నది టీవీకి కామెడీ సీరియల్. నలుగురు ముస్లిం ఆడపిల్లలు కలిసి పంక్ బ్యాండు పెడతారు. గిటార్లు బాదుతూ, గొంతులు చించుకుంటూ, తమకు నీతులు చెప్పేవాళ్లందరినీ పాటల్లోనే ఉతికి ఆరేస్తారు.

ప్రోమో వదిలి, సీరియల్ మొదలై చాలా రోజులైంది. జనం పడీపడీ నవ్వారు. తిట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు. డైరెక్టరుకు అదే బెంగ.

“ఒక్క గొడవైనా లేకపోతే మనల్ని ఎవడు పట్టించుకుంటాడయ్యా?” అని కనిపించిన ప్రతివాడి దగ్గరా వాపోయేవాడు.

ఇప్పుడు ఆ గొడవ నడుచుకుంటూ గేటు దాకా వచ్చింది.

వెంటనే వార్తల ఛానెల్లో తెలిసిన కుర్రాడికి ఫోన్ కొట్టాడు. “కెమెరా పట్టుకుని పరిగెత్తుకురా.”

“ఆవిడకు కుర్చీ వెయ్యమంటారా సార్?” అన్నాడు వాచ్‌మన్.

“కుర్చీ ఎందుకు? ఇంకాస్త ఎండ తగిలితే ఇంకాస్త కోపం వస్తుంది.”

కెమెరా వచ్చింది. డైరెక్టరు జుట్టు సవరించుకుని గేటు దగ్గరికి వెళ్లాడు.

“ఏంటమ్మా మీ సమస్య?”

“సమస్య కాదు బాబూ. ఆ పాట సంగతి మాట్లాడదామని వచ్చాను.”

“విన్నారుగా! పాట సంగతట!” అన్నాడు కెమెరా వైపు తిరిగి.

“అది కాదు నాయనా, ఆ పిల్ల...”

“ఆ పిల్ల పాడకూడదు. అంతేనా?”

“పాడకూడదని ఎవరన్నారు? నా మాట కాస్త పూర్తిగా...”

“మీ మాట పూర్తిగా వింటే మా నోళ్లు కుట్టేస్తారు మీరు! ఆడపిల్ల గొంతెత్తితే చాలు, మీకు ఒళ్లు మండుతుంది. మీ కాలం పోయిందమ్మా. ఇది ఆ పిల్లల కాలం!”

ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఇంట్లో నిన్నెవరూ మాట్లాడనివ్వరా నాయనా? అంతా తెచ్చి ఇక్కడ కక్కుతున్నావు.”

కెమెరా కుర్రాడు ఫక్కుమన్నాడు. వాచ్‌మన్ మొహం అటు తిప్పుకున్నాడు.

డైరెక్టరుకు నషాళానికి అంటింది.

“బయటికి పంపించెయ్! గేటు వెయ్!”

వాచ్‌మన్ చెయ్యి పట్టుకోబోయాడు.

“చెయ్యి తియ్యి బాబూ. నడక నేర్చుకునే ఇంత దూరం వచ్చాను,” అంది ఆవిడ.

గేటు ధడేలుమని పడింది.

గంట తిరక్కుండా వార్తల్లో డైరెక్టరే. ‘బెదిరింపులకు లొంగను’ అంటూ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఎవరు బెదిరించారో ఎవరూ అడగలేదు.

సీరియల్ వేస్తున్న ఛానెల్ పెద్దాయన ఫోన్ చేశాడు. “అదరగొట్టావయ్యా! కానీ ఆఖరి ఎపిసోడు పాట ఏది? రేపే కదా షూటింగు? మనవాళ్లు చూసేది ఆ పాటల కోసమే. పాట లేదంటే ఆ ఎపిసోడు వెయ్యను, సీరియల్ ఇక్కడితో సరి. నన్ను బతిమాలొద్దు.”

డైరెక్టరు నీరసంగా మేకప్ గదిలోకి వెళ్లాడు.

బ్యాండు నలుగురిలో గిటారు వాయించే పిల్ల అద్దం ముందు కూర్చుని తీగలు బిగించుకుంటోంది. సీరియల్లో పాటలన్నీ తెచ్చింది ఆ పిల్లే. సొంతంగా కట్టినవి కావు, ఇంట్లో ఒకావిడ కడుతుందని మొదట్లోనే చెప్పింది. “మీ అక్కేగా!” అని డైరెక్టరు తనే తేల్చేసి, ఇక విననే లేదు. జనం నోళ్లలో నానుతున్న పాటలన్నీ ఆవిడవే.

*నా ముసుగు మీద నీకెందుకురా ఆరా?*
*ముందు నీ నోటికో గుడ్డ కట్టుకోరా!*

“తల్లీ, ఆఖరి పాట ఎక్కడ?”

“మీరు కంగారు పడకండి సార్. తయారైపోయింది. ఇంట్లో ఒక ముక్క విన్నాను. ఒళ్లు జలదరించింది.”

“మరి పాడవేం?”

“మొత్తం నాకు రాదు. ఆవిడకేమో రాయడం రాదు. ఎదురుగా కూర్చుని పాడితే మేం పట్టుకోవాలి. ఈసారి మీకే వినిపిస్తానని స్వయంగా బయల్దేరింది. ఈపాటికి వచ్చేసి ఉండాలే!”

డైరెక్టరుకు ప్రాణం లేచొచ్చింది.

“ముందే చెప్పొద్దూ! కారు పంపేవాణ్ని కదా!”

“కారొద్దు సార్. కాస్త మర్యాదగా మాట్లాడండి, చాలు. ఒక్కసారి మాట పడిందంటే ఆ గుమ్మం మళ్లీ తొక్కదు.”

“అయ్యో, అంత మాటా! అలాంటి అగ్గిబరాటాకి నేను కాళ్లు కడగాలి. నేనే గేటు దగ్గర నిలబడతాను. ఎలా ఉంటుంది మీ అక్క?”

గిటారు పిల్ల తలెత్తింది. గోడ మీద టీవీ వార్తల్లో మళ్లీ వేస్తున్న గేటు గొడవ చూస్తోంది. తర్వాత గిటారును సంచిలో పెట్టి, మెల్లగా జిప్పు లాగింది.

“అక్క కాదు సార్, మా అమ్మమ్మ... అదుగో, మీరు మూయించిన గేటు ముందు వంగి, తెగిన చెప్పు తీసుకుంటోంది.”