గుర్రపువాతం ఎవరి వంశానిది?

“రక్తపోటు ఎక్కువగా ఉంది. ఫిట్స్ రావచ్చు. ఇప్పుడు కదిలిస్తే ప్రాణానికే ముప్పు,” అంది కర్నూలు ఆసుపత్రి డాక్టరమ్మ.

“రాక యాడికి పోతాదిలే గుర్రపువాతం?” మంచమ్మీదున్న నిండు చూలాలైన కోడల్ని చూసి మూతి తిప్పింది మహాదేవమ్మ. “దీనమ్మకూ కాన్పు కాన్పుకూ ఇదే. పాడు వంశం. బండి కట్టించి పుట్టింట్లో దించొస్తా. ఆ యమ్మే పడనీ.”

“తల్లికుంటే కూతురికి రావడం నిజమే. వాళ్లమ్మ కాన్పుల సంగతి మీకెట్లా తెలుసు?”

“నాకు తెల్దా? నా పెద్దకూతురే గదా. మనవరాలినే కొడుక్కు చేసుకుంటిమి.”

కోడలు మెల్లగా ఇటు తిరిగింది.

“అవ్వా, మా యమ్మ పుట్టేటప్పుడు నీకూ వచ్చిండెనంట గదా?”

మహాదేవమ్మ కొంగు సవరించుకుంది.

“ఈడనే పెట్టుకో డాక్టరమ్మా. జాగర్తగా చూడు, మంచి వంశం పిల్ల.”