పిట్ట ముట్టలేదు

పొద్దున్నుంచి పిట్ట ముట్టలేదు.

కోరుట్ల వాగు ఒడ్డున చనిపోయిన పెండ్లాం ముత్తమ్మ పేరు మీద విస్తరి పెట్టి, రాజం చాటుకు జరిగి చూశాడు. కాకులు వచ్చాయి, మెడలు వంచి చూశాయి, లేచిపోయాయి. సమాధి కట్టిస్తానన్నాడు. ఆమె సాకిన మేకను అమ్మనన్నాడు. ఒక్కటీ దిగలేదు. పెండ్లాం ఇంకా దేనికో అలిగే ఉందని చుట్టాలు గుసగుసలాడారు.

“దేనికో నీకెరుకే బావా,” అంది మరదలు మొగిలవ్వ. “శ్రావణిని ఇంట్లకు రానిస్తనని ఒక్క మాటను.”

రాజం విస్తరిలో ఇంకో గారె వేశాడు. చెప్పకుండా పెళ్లి చేసుకుందని బిడ్డను తల్లి శవం దగ్గరికి కూడా రానివ్వని మనిషి.

చివరికి మొగిలవ్వే ఉపాయం చెప్పింది. అక్క ఐతారం ఐతారం గుట్ట మీది బుద్ధుడి గుడికి పోయేది, అక్కడ పెట్టి చూద్దామంది. కూర గిన్నె, గారెలు, కల్లు సీసా పట్టుకుని ఆటో ఎక్కారు.

గుడి చూసుకునే రాధమ్మ కల్లు సీసాను గేటు బయటే పెట్టించింది. ఇక్కడ దినాలు చెయ్యరని, పిట్టలకు కూడు పెడితే మాత్రం ఎవరూ వద్దనరని చెప్పింది. గాలి కూడా చెప్పులు విప్పి వచ్చినట్టు అంతా నిశ్శబ్దం. రాజంకి అది పడలేదు. నిలబడలేక, కూర్చోలేక కండువా దులిపి మళ్లీ వేసుకున్నాడు.

“మా ఆమె ఏడ కూసునేది?”

రాధమ్మ రావిచెట్టు కింది బండ చూపించింది. “గీడనే. లోపలికి ఎన్నడు రాలే. సిరిసిల్ల బస్సు దిగి బిడ్డ అచ్చేది. ఇద్దరు పొద్దుగూకేదాక ముచ్చట పెట్టేటోళ్లు.”

మొగిలవ్వ తల దించుకుంది. ఆమెకు తెలుసు.

రాజం ఆ బండను కండువాతో తుడిచాడు. తర్వాత దాని మీదే విస్తరి పెట్టాడు. గోడ మీద కాకి వాలింది. చూసింది, కదల్లేదు.

“బావా, నీ కాల్మొక్కుత.”

రాజం చేతులు జోడించాడు.

“ముత్తా, నీ బిడ్డను రానిస్త. ఇంట్లనే పెట్టుకుంట. తిను.”

కాకి దిగింది. గారె ముక్క కరుచుకుని ఎగిరిపోయింది.

మొగిలవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే శ్రావణికి ఫోన్ కలిపింది. “బిడ్డా, మీ నాయిన...”

రాజం ఫోన్ గుంజుకుని కట్ చేశాడు.

“పిట్ట ముట్టింది గదా,” అన్నాడు చెప్పులేసుకుంటూ. “ఇగ దాన్ని పిలుసుడెందుకు?”