నల్లద్దం కిటికీ

"ఆ పక్క మాత్రం నల్లద్దం. తెరిచేదొద్దు, మూసేదొద్దు. గోడ మాదిరి బిగించేసెయ్," అన్నాడు మునివెంకటప్ప.

రేవతి నెత్తి కొట్టుకుంది. "గాలి ఎట్లొస్తాది? ఉండే గాలంతా ఆ పక్కనుంచే గదా. టేకు రెక్కల కిటికీ పెట్టించుకుందామని పునాది తీసినప్పటి నుంచీ సెప్తావుండా."

"రెక్కలు తెరిస్తే వాడి వసారా కనపడతాది. వాడి మొగం సూసే ఖర్మ నాకు పట్టలా."

వాడంటే చిన్నబ్బ. పక్కింటివాడు, మునివెంకటప్పకు తోడబుట్టిన తమ్ముడు. మామిడి తోటకు పోయే దోవ దగ్గర మాటామాటా పెరిగిన రోజు నుంచి ఇద్దరికీ పలకరింపుల్లేవు. బంగారుపాళ్యంలో ఆ వీధంతా ఎరిగిన సంగతే.

కిటికీల అంగడి అష్ఫాక్ నమూనా అద్దాన్ని తలుపు దగ్గర ఎండకు పట్టుకొని నిలబడ్డాడు. "జారే కిటికీ అయితే గాలీ వస్తాది, అక్క మాటా దక్కతాది. ఆలోచించుకోప్పా."

"అదంతా వద్దు. లోపల మనిషి నిలబడుకోనుంటే బయటికి కనపడదు గదా?"

"నువ్వే పొయ్యి సూడు."

మునివెంకటప్ప బయటికి పోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో ముక్కు అద్దానికి ఆనించి చూశాడు. తన నెరిసిన మీసం తప్ప ఇంకేమీ కనిపించలేదు. "ఇదే పెట్టు," అన్నాడు.

"పొద్దుగుంకినాక ఒక తెర ఏసుకుంటే..."

"తెరలూ గిరలూ వద్దప్పా. సెప్పింది సెయ్."

అసలు సంగతి ఆయన పెళ్లానికి కూడా చెప్పలేదు. చిన్నబ్బ వేలూరుకు పోయి గుండెకు స్టెంటు వేయించుకొని వచ్చాడు. సాయంత్రం మాత్ర ఒక్కపూట కూడా మానకూడదన్నారట. టీ అంగట్లో ఆ మాట చెవినపడింది మొదలు మునివెంకటప్పకు ఒకటే దిగులు. మాత్రంటే వాడికి చిన్నప్పటి నుంచీ పడదు. జ్వరమొస్తే మాత్రను నాలుక కింద దాచుకొని, పెరట్లోకి పోయి ఊసేసేవాడు. నోరు తెరిపించి చూసి అమ్మ సరే అనేది. నాలుక కూడా ఎత్తించి చూసేవాడు అన్న ఒక్కడే.

కిటికీ బిగించారు. తమ్ముడంటే ఎంత కసి లేకపోతే ఆ పక్క నల్లద్దం పెట్టిస్తాడని వీధిలో చెవులు కొరుక్కున్నారు. మునివెంకటప్పకు కావలసిందీ అదే.

రోజూ మసక పడగానే రేవతి హాల్లో లైట్లు వేసి టీవీ ముందు కూర్చుంటుంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని కిటికీ దగ్గర నిలబడతాడు. పక్కింటి వసారాలో బల్బు వెలుగుతుంది. చిన్నబ్బ చెంబుతో వచ్చి అరుగు మీద కూర్చొని, మాత్ర నోట్లో వేసుకొని నీళ్లు తాగుతాడు. అప్పుడు ఈయన పోయి కూడు తింటాడు.

"ఏం సూస్తావుండావు ఆడ?" అని రేవతి అడిగితే, "మబ్బు పట్టిందేమోనని," అంటాడు.

ఆ సాయంత్రం వసారాలో బల్బు వెలగలేదు.

బయట బాగా చీకటి పడింది. వెలుగుండగా చూసినప్పుడు మోటారు సైకిలు గేటు లోపలే ఉంది, అంటే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మరదలు సత్యవేడుకు, పుట్టింటికి పోయింది. వాడు ఒక్కడే. మునివెంకటప్ప అద్దానికి ముఖం ఆనించాడు. చీకటి తప్ప ఏమీ లేదు.

"కూడు పెట్టేదా?" అంది రేవతి బట్టలు మడత పెడుతూ.

"ఉండు."

"ఏమి, అట్ల సెమట్లు కారతావుండాయి?"

"గాలి లేదు."

"గాలి రాని కిటికీ పెట్టించిందెవురో?"

ఆయన గడప దాకా పోయి చెప్పుల్లో కాలు పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చాడు. వాడు లోపల హాయిగా పడుకొని ఉంటే? ఏం ఇట్లొచ్చినావని నవ్వితే వీధిలో తలెత్తుకునేది ఎట్లా? మళ్లీ కిటికీ దగ్గరికి పోయాడు. అదే చీకటి. లోపల పడిపోయి ఉంటే? పిలవడానికి గొంతు కూడా రాకుంటే? నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటపడి, తమ్ముడి గేటు తోసుకొని లోపలికి పోయాడు.

"రేయ్ చిన్నబ్బా," అన్నాడు.

"ఈడ్నే ఉండా," అంది అరుగు మీది చీకటి.

మునివెంకటప్ప మెట్టు మీద కూలబడ్డాడు. ఊపిరి అందుకున్నాక తలెత్తి తన ఇంటివైపు చూశాడు. నల్లద్దం కిటికీ సినిమా తెర మాదిరి వెలిగిపోతోంది. రేవతి, ఆమె మడత పెడుతున్న చీర, గోడ మీది క్యాలెండరు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అద్దం మీద, సరిగ్గా తన ముఖం ఎత్తులో, చెమట మరక కూడా కనిపిస్తోంది.

ఆయన అరచేత్తో నొసటి చెమట తుడుచుకున్నాడు.

"లైటెందుకు ఆర్పినావురా?"

"ఏస్తే నువ్వు ఆడ్నే నిలబడి సూసేసి పోతావు గదా."

చిన్నబ్బ లేచి స్విచ్చి వేశాడు. మాత్ర నోట్లో వేసుకొని, చెంబెత్తి నీళ్లు తాగి, అన్న ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఇంగ దగ్గరుండి సూడన్నా," అని నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు.