పెద్ద కంపెనీ తెర

"పెద్ద కంపెనీ మానిటర్ అగ్గువల ఉందా కొడుకా? దాంట్ల అన్నీ సాఫ్‌గ కనిపిస్తయట గద!"

అడ్డా కూలీ కురుమమ్మ నారాయణగూడలో మా కంప్యూటర్ షాపు మెట్ల మీదే నిలబడి అడిగింది.

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, ఆ కంపెనీల మీద. అశోక్ నగర్ కోచింగ్ పిల్లలూ రోజూ ఇదే అడుగుతారు.

"సాఫ్‌గ కనిపించేది పైసలు పెట్టి మంచి తెర కొన్నోళ్లకేనమ్మా! మనయి కండ్లే కావు ఆ కంపెనీలోళ్ల లెక్కల."

"గరం గాకు, జర చూడు. సచ్చిపోయిన నా బిడ్డ మనీషది గీ ఒక్క ఫోటోనే ఉంది. నవ్వుతుందో ఏడుస్తుందో ఫోన్ల తెలుస్తలేదు."

షాపులోకెల్లా ఖరీదైన తెర మీద ఆ ఫోటో పెట్టాను. మసక ఇంకా పెద్దదయింది. అసలు ఫోటో తీసిన ఫోనే చౌకది.

కురుమమ్మ తెరను కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది.

"గింతకంటె మంచిది లేదా కొడుకా?"